శబ్దం తగ్గింది, గేరు పడటం మానేసింది

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా, సెమిలిగుడ దగ్గర. తాతల కాలంలో సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. నాన్న కొన్న 2003 మోడల్ డీజిల్ వ్యాను ఇప్పుడు నేను నడుపుతున్నాను. కుందులి సంతలో అల్లం, కూరగాయలు ఎక్కించుకుని సుంకి ఘాటీ దిగి సాలూరు, విజయనగరం వేస్తుంటాను. ఏడు నెలల క్రితం క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు కొత్తవి వేయించాను. మూడు నెలలకే, క్లచ్ తొక్కి గేరు వేసి ఆగినప్పుడు కీచుమని శబ్దం మొదలైంది. తర్వాత గరగరమంది. పోయిన నెల ఆ శబ్దం దానంతటదే తగ్గిపోతే బాగైందనుకున్నాను. ఇప్పుడు ఫస్ట్ గేరు బలవంతంగా వేయాల్సి వస్తోంది. రివర్స్ గర్రుమంటుంది గానీ పడదు. ఇంజన్ ఆపితే మాత్రం అన్ని గేర్లూ మెత్తగా పడతాయి. ఒక మెకానిక్ మళ్ళీ క్లచ్ ప్లేటు పోయిందంటున్నారు. ఇంకొకరు గేర్‌బాక్స్ విప్పాలి, 25 వేలు అవుతుందంటున్నారు. బండి మీదే ఇల్లు నడుస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: బాబూ, అన్నిటికంటే ముందు ఒక మాట విను. ఈ సంగతి తేలేదాకా బండిని సుంకి ఘాటీ దింపకు. ఖాళీ బండి అయినా వద్దు. సంత సరుకుకు వారం పది రోజులు వేరే బండి మాట్లాడుకో. నీ బండిలో ఇప్పుడు పెడల్ అడుగంటా తొక్కినా ఇంజనూ గేర్‌బాక్సూ పూర్తిగా విడిపోవడం లేదు. మలుపు ముందు మూడు నుంచి రెండుకు మార్చబోతే, మూడు బయటికొచ్చి రెండు పడలేదనుకో, అల్లం బస్తాలతో ఉన్న బండిని బ్రేకు ఒక్కదాని మీదే దింపాలి. ఘాటీలో అలా దిగకూడదని మీ నాన్నగారు నీకు చెప్పే ఉంటారు.

ఇక జబ్బు సంగతి. నువ్వు శ్రద్ధగా గమనించి రాశావు, సగం పని అక్కడే అయిపోయింది. క్లచ్ తొక్కి గేరులో ఆగినప్పుడే శబ్దం వచ్చింది. ముదిరి, ఉన్నట్టుండి తగ్గింది. తగ్గిన దగ్గర్నుంచే గేర్లు పడటం మానేశాయి. ఇంజన్ ఆపితే పడుతున్నాయి. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం క్లచ్ ప్లేటు మీద లేదు, గేర్‌బాక్స్ మీదా లేదు. ఇంజన్ వెనక దానితో పాటే తిరిగే బరువైన చక్రాన్ని ఫ్లైవీల్ అంటాం, దాని నడిమధ్యలో కూర్చునే పైలట్ బేరింగ్ మీద ఉంది. కొన్ని షెడ్లలో దాన్నే ఫ్లైవీల్ బేరింగ్ అంటారు, కొందరు స్పిగాట్ బేరింగ్ అంటారు. గుప్పిట్లో పట్టేంత వస్తువు. ఖరీదు వందల్లో ఉంటుంది, వేలల్లో కాదు.

అది చేసే పని తెలిస్తే నీ ఉత్తరంలోని ప్రతి లక్షణమూ అర్థమవుతుంది. గేర్‌బాక్స్ లోంచి ముందుకు ఒక షాఫ్ట్ పొడుచుకొస్తుంది, క్లచ్ షాఫ్ట్ అంటాం. దాని వెనక భాగాన్ని గేర్‌బాక్స్ ముందు గోడలోని పెద్ద బేరింగ్ మోస్తుంది. మధ్యలో ఉన్న పళ్ళ మీద క్లచ్ ప్లేటు కూర్చుంటుంది. ముందు కొసను ముక్కు అనుకో, అది వెళ్ళి ఈ చిన్న బేరింగ్‌లో దూరుతుంది. బండి మామూలుగా నడుస్తున్నంతసేపూ ఫ్లైవీలూ షాఫ్టూ ఒకే వేగంతో కలిసి తిరుగుతాయి కాబట్టి ఈ బేరింగ్‌కు తిరిగే పని లేదు. పెడల్ తొక్కగానే దాని పని మొదలవుతుంది. గేరు వేసి బండి ఆగి ఉంటే షాఫ్ట్ పూర్తిగా ఆగిపోతుంది, చుట్టూ ఫ్లైవీల్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆగిన ముక్కుకూ తిరిగే ఫ్లైవీల్‌కూ మధ్య నలిగేది ఈ బేరింగే. అందుకే శబ్దం ఆ సమయంలోనే వచ్చింది.

లోపలి గ్రీజు ఎండితే ముందు కీచుమంటుంది. బాల్స్ నడిచే దారి గాట్లు పడితే గరగరమంటుంది. అప్పటికీ పట్టించుకోకపోతే వేడెక్కి బిగిసిపోతుంది. బిగిసిన బేరింగ్‌కు శబ్దం ఉండదు. నువ్వు బాగైందనుకున్నది ఆ రోజే. అప్పటి నుంచి పెడల్ తొక్కి ప్లేటును వదిలించినా, బిగిసిన బేరింగ్ షాఫ్ట్ ముక్కును పట్టుకుని ఇంజన్‌తో పాటే తిప్పుతోంది. తిరుగుతున్న షాఫ్ట్ మీద ఆగి ఉన్న గేరును కలపబోతే పళ్ళు ఒప్పుకోవు. పాత గేర్‌బాక్సుల్లో రివర్స్‌కు సింక్రో, అంటే పళ్ళు కలిసే ముందు వేగాలు సమం చేసే అమరిక, ఉండదు కనుక అది ముందుగా గర్రుమంటుంది. ఇంజన్ ఆపితే ఏదీ తిరగదు కాబట్టి అన్నీ మెత్తగా పడతాయి.

అయినా ఉత్తరం చూసి గేర్‌బాక్స్ దింపించమని చెప్పను. దింపే ముందు నువ్వే చేసుకోగల పరీక్ష ఉంది. సందడి లేని తెల్లవారుజామున బండిని చదునైన చోట పెట్టు. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టు. ఇంజన్ స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో, పెడల్ మీద కాలు పెట్టకుండా విను. అప్పుడు గుర్రుమంటూ ఉండి, పెడల్ తొక్కితే ఆగిపోతే అది గేర్‌బాక్స్ ముందు బేరింగ్. తర్వాత పెడల్‌ను ఊరికే తాకినట్టు కొద్దిగా నొక్కు. అక్కడే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్, అంటే పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటును నొక్కేది. చివరగా పెడల్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేసి అలాగే పట్టుకో. అక్కడ మాత్రమే శబ్దం వస్తే పైలట్ బేరింగ్. ఈ మూడు చోట్ల తేడా తెలియక రిలీజ్ బేరింగ్ మార్చి, మళ్ళీ అదే శబ్దంతో తిరిగొచ్చిన బళ్ళు నేను చాలా చూశాను.

నీ బండి శబ్దం దశ దాటిపోయింది కనుక ఇంకొకటి కూడా చెయ్యాలి. న్యూట్రల్‌లో పెడల్ అడుగంటా తొక్కి, మనసులో పది లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వెయ్యి. క్లచ్ సరిగా విడిపోతే ఆ పది లెక్కల్లో షాఫ్ట్ ఆగిపోయి గేరు మెత్తగా పడాలి. పదికి కూడా గర్రుమంటే షాఫ్ట్‌ను ఏదో తిప్పుతున్నట్టే. అయితే ఇదే లక్షణం క్లచ్ ఆయిల్ తగ్గినా వస్తుంది, పెడల్ కింది సిలిండర్ లేదా గేర్‌బాక్స్ దగ్గరి చిన్న సిలిండర్ వాషర్లు పోయినా వస్తుంది. అందుకని డబ్బాలో ఆయిల్ చూడు. పెడల్‌ను నాలుగైదుసార్లు గబగబా తొక్కి వెంటనే గేరు వేసి చూడు. అలా తొక్కాక గేరు పడుతోందంటే దోషం సిలిండర్లదో గాలి పట్టిన పైపుదో. దానికి గేర్‌బాక్స్ దింపక్కర్లేదు, తక్కువలో పోతుంది. ఎన్నిసార్లు తొక్కినా ఒకేలా ఉంటే లోపల చూడాల్సిందే. నీ బండికి కేబుల్ క్లచ్ అయితే కేబుల్ సాగిందేమో, పెడల్‌కు ఖాళీ ఎక్కువైందేమో ముందు చూసుకో.

ఇప్పుడు నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసిన విషయానికి వస్తాను. కొత్త క్లచ్ వేసిన మూడు నెలలకే ఈ బేరింగ్ ఎందుకు మొదలైంది?

ఒక కారణం మామూలుది. క్లచ్ మార్చినప్పుడు పాత పైలట్ బేరింగ్‌ను అలాగే ఉంచేసి ఉంటారు. వేలితో తిప్పి చూస్తే తిరిగింది, ఉండనీ అనుకుంటారు. వేలికి బాగానే తిరిగే బేరింగ్ ఇంజన్ వేగానికి నిలబడుతుందని లేదు. గేర్‌బాక్స్ దింపడానికి పట్టే కూలీయే అసలు ఖర్చు, దింపాక ఈ చిన్న బేరింగ్ మార్చకుండా ఎక్కించడం నా దృష్టిలో తప్పు. పాత బిల్లు ఉంటే తీసి చూడు, అందులో ఈ బేరింగ్ పేరు ఉందో లేదో తెలుస్తుంది.

రెండో కారణం ఉంటే, కొత్త బేరింగ్ వేసినా మళ్ళీ మూడు నెలలే. చాలా ఏళ్ళ క్రితం నేను సాలూరులో పని నేర్చుకుంటున్నప్పుడు ఒక వ్యాను మా షెడ్డుకు ఇదే జబ్బుతో మూడుసార్లు వచ్చింది. రెండుసార్లు మంచి బేరింగే వేశాం. మూడోసారి మా పెద్ద మేస్త్రి గేర్‌బాక్స్ దింపించి, బేరింగ్ వైపు చూడకుండా ఇంజన్ వెనక ముఖాన్ని గుడ్డతో తుడిచి వేలితో తడిమారు. ఇంజన్‌కూ, క్లచ్‌ను కప్పి ఉండే గేర్‌బాక్స్ ముందు డొప్పకూ (బెల్ హౌసింగ్ అంటాం) మధ్య రెండు డోవెల్ పిన్నులు ఉండాలి, రెండింటినీ సరిగ్గా మధ్యకు తెచ్చేవి అవే. ఒకటి లేదు. అంతకుముందు ఎక్కడో, ఎవరో దింపినప్పుడు జారిపడి ఉంటుంది. బోల్టులు బిగిస్తే గేర్‌బాక్స్ నిలబడుతుంది గానీ సరిగ్గా మధ్యకు రాదు. బోల్టు రంధ్రంలో ఉండే కొద్దిపాటి ఖాళీ చాలు, షాఫ్ట్ ముక్కు ఒక పక్కకు ఒరిగి, తిరిగిన ప్రతిసారీ బేరింగ్‌ను ఆ పక్కకే నొక్కుతుంది. పిన్ను చేయించి పెట్టాక ఆ బండి మళ్ళీ ఆ జబ్బుతో రాలేదు. ఆ ఇంటివాళ్ళు మూడుసార్లు కూలీ పెట్టుకోవాల్సి వచ్చిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి నేను దింపిన ప్రతి గేర్‌బాక్స్‌కూ డోవెల్ పిన్నులు చూడకుండా ఎక్కించలేదు. నీ బండికీ అదే మొదట చూడమని చెప్పు. రెండు పిన్నులూ ఉన్నాయా, వదులుగా ఉన్నాయా, రెండు ముఖాల మధ్య మట్టి గానీ పాత పెయింటు పెచ్చు గానీ ఇరుక్కుందా అని చూడాలి.

ఇదే కోవలో ఇంకో పొరపాటు ఉంది. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు జాకీ సరిగా పెట్టకుండా, షాఫ్ట్ సగం దూరాక చేతులు వదిలేసి బోల్టులు వెతుక్కుంటారు. ఆ బరువంతా ప్లేటు నడిమి భాగం మీదా ముక్కు మీదా వేలాడుతుంది. ఆ రెండు నిమిషాల్లోనే ప్లేటు వంగవచ్చు, కొత్త బేరింగ్‌కు గాటు పడవచ్చు. వంగిన ప్లేటు కూడా పూర్తిగా విడిపోదు, గేర్లు నువ్వు చెప్పినట్టే ఇబ్బంది పెడతాయి. కాబట్టి దింపాక ప్లేటును ఒక షాఫ్ట్ మీద తిప్పి, వొంకర ఉందేమో చూడమను. క్లచ్ ప్లేటు పోయిందన్న మెకానిక్ మాట పూర్తిగా తీసిపారేయొద్దంటున్నది ఇందుకే. ప్లేటుకు దెబ్బ తగిలి ఉండొచ్చు, కాకపోతే మొదలు అక్కడ లేదు.

దింపే పని నువ్వు ఒక్కడివే ఇంటి దగ్గర పెట్టుకోకు. బరువైన పని, కింద పడుకుని చేసే పని. షెడ్డులో చేయిస్తూ పక్కన ఉండి చూసుకో. బండి కింద జాకీ ఒక్కటే ఉంటే ఎవరినీ దూరనివ్వకు. గట్టి స్టాండ్లు గానీ మంచి చెక్క దిమ్మలు గానీ ఉండాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ఉన్నట్టుండి పగిలిపోతాయి. బ్యాటరీ నెగెటివ్ వైరు ముందే తీయించు. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు, అది బిగిసే చోట ఉన్న రెండు బిళ్ళల (ఫ్లాంజీల) మీదా పెయింటుతో గీత పెట్టాలి, మళ్ళీ అదే వరసలో బిగిస్తే బండి వణకదు. హైడ్రాలిక్ క్లచ్ అయితే చిన్న సిలిండర్‌ను పైపు విప్పకుండా పక్కకు తీసి తీగతో కట్టేస్తే చాలు. అది బయట వేలాడుతున్నంతసేపూ పెడల్‌ను ఎవరూ తొక్కకూడదు, పిస్టన్ బయటికొచ్చేస్తుంది. గేర్‌బాక్స్ బయటికి రాగానే ఇంజన్ వెనక్కి ఒరుగుతుంది కనుక ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ కింద చెక్క వేసి ఇంకో జాకీ ఆన్చాలి.

బెల్ హౌసింగ్ నిండా ఉండే నల్లటి దుమ్మును గాలి కొట్టి ఊదనివ్వకు. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడిపించు. షెడ్డులో చిన్న కుర్రాళ్ళు ఉంటే వాళ్ళకూ ఈ మాట చెప్పు.

ఇక బేరింగ్ తీయడం. తీసే ముందు అది ఎంత లోతులో కూర్చుని ఉందో వెర్నియర్‌తో (మిల్లీమీటర్లు కొలిచే పరికరం) కొలిచి రాసుకోవాలి. చాలామంది ఉలి, సుత్తి తీసుకుని మొదలుపెడతారు. ఉలి జారి బేరింగ్ గూడు గోడ మీద గీత పడితే కొత్త బేరింగ్ సరిగా కూర్చోదు. లోపలి నుంచి పట్టి లాగే పుల్లర్ ఉంటే అదే మంచిది. పుల్లర్ లేని షెడ్డులో గ్రీజు పద్ధతి ఉంది. బేరింగ్ రంధ్రం గుండా వెనక ఉన్న ఖాళీ నిండా గ్రీజు కూరుతారు. రంధ్రంలో సరిగ్గా పట్టే ఇనుప రాడ్డు పెట్టి సుత్తితో కొడితే, గ్రీజుకు పోయే దారి లేక బేరింగ్‌ను వెనక నుంచి బయటికి నెడుతుంది. మళ్ళీ గ్రీజు కూరి మళ్ళీ కొట్టాలి. రాడ్డు వదులుగా ఉంటే గ్రీజు పక్కల నుంచి ముఖం మీదికి చిమ్ముతుంది, కళ్ళద్దాలు పెట్టుకోమను, రాడ్డు చుట్టూ గుడ్డ చుట్టమను. ఫ్లైవీల్‌లో రంధ్రం ఇటునుంచి అటు ఉంటే ఇవేమీ వద్దు, ఫ్లైవీల్ విప్పి వెనక నుంచి తట్టితే వచ్చేస్తుంది. పని అయ్యాక లోపలి పాత గ్రీజంతా తుడిచెయ్యాలి. వదిలేస్తే వేడికి కరిగి ప్లేటు మీద పడి, క్లచ్ జారడం మొదలవుతుంది.

బిగిసిన బేరింగులు ఒక్కోసారి ముక్కలై లోపలి రింగు ఊడొచ్చి, బయటి రింగు మాత్రం గూట్లో ఉండిపోతుంది. దాని లోపలి గోడ మీద సన్నగా ఒక వెల్డింగ్ గీత వేస్తే, చల్లారేటప్పుడు రింగు కుంచించుకుని వదులవుతుంది. అయితే వెల్డింగ్ ఎర్తు క్లాంపును ఫ్లైవీల్ మీదే పెట్టాలి. ఛాసిస్‌కు పెడితే కరెంటు క్రాంక్ బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది. ఈ పని తెలిసినవారి చేతే చేయించు.

పాత బేరింగ్‌ను, అది ముక్కలైనా సరే, పారేయనివ్వకు. పొట్లం కట్టి కొట్టుకు పట్టుకెళ్ళు. రింగు పక్కన చెక్కి ఉన్న నంబరే దాని పేరు. మాటకు 6201 అని ఉంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, బయటి కొలత 32, మందం 10. 6202 అయితే 15, 35, 11. 6203 అయితే 17, 40, 12. ఏ కంపెనీది కొన్నా ఈ కొలతలు మారవు, కాబట్టి నీ బండి పేరు చెప్పి కొట్టువాడిచ్చింది తెచ్చుకోకుండా నంబరు చెప్పి తెచ్చుకో. నంబరు చెరిగిపోతే వెర్నియర్ కొలతతో తెలిసిపోతుంది. నంబరు తర్వాత 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు, జడ్‌జడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత. పాతదానికి ఏది ఉందో అదే తీసుకో. నాసిరకం నకిలీ బేరింగులు కూడా పేరున్న డబ్బాల్లో వస్తున్నాయి, అందుకని జయపురంలో గానీ విజయనగరంలో గానీ నమ్మకమైన బేరింగుల కొట్టులో బిల్లుతో కొను. పాతిక రూపాయలు తగ్గుతుందని సంచిలో పోసి అమ్మేవాటి జోలికి పోకు.

కొన్ని పాత బళ్ళకు బాల్ బేరింగ్ బదులు సూది రోలర్ల బేరింగ్ ఉంటుంది, కొన్నిటికి కంచు బుష్ ఉంటుంది. రోలర్లదైతే వేడికి తట్టుకునే బేరింగ్ గ్రీజు పల్చగా పూయాలి, ముద్దలా కూరకూడదు. నూనె పీల్చుకునే రకం కంచు బుష్ అయితే గ్రీజు అసలు వద్దు, దాని సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. ముందురోజు రాత్రి ఇంజన్ ఆయిల్లో నానబెట్టి వెయ్యాలి. సీలు ఉన్న బాల్ బేరింగ్‌కు ఏమీ పూయక్కర్లేదు.

వేసేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి. బయటి రింగుకు సరిపోయే సాకెట్ పెట్టి, వంకర పోకుండా మెల్లగా తట్టాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా బాల్స్ మీదుగా పోయి, కంటికి కనిపించని గాట్లు పడతాయి, కొత్త బేరింగ్ మొదటిరోజే పాతదైపోతుంది. బేరింగ్‌ను డబ్బాతో సహా ఓ గంట ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తెస్తే ఇంకా సులువుగా కూర్చుంటుంది. గూట్లో మట్టి రేణువు కూడా ఉండకూడదు.

ఇప్పుడు నాకు భయమున్న చోటు, షాఫ్ట్ ముక్కు. బేరింగ్ బిగిసిన తర్వాత కూడా నువ్వు నెలరోజులు బండి నడిపావు. పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ ముక్కు బిగిసిన రింగులో రాపిడి పడి ఉండొచ్చు. గేర్‌బాక్స్ దిగగానే ముక్కును గుడ్డతో తుడిచి గోరుతో గీకి చూడు. నున్నగా ఉంటే అదృష్టం. మెట్టులా తగిలితే, నీలం రంగు తేలితే, గీతలు పడితే మైక్రోమీటర్‌తో కొలిపించు. కొత్త బేరింగ్‌ను చేత్తో ముక్కుకు తొడిగి చూడు. జారుతూ దూరాలి, అటూఇటూ కదలకూడదు. కదిలితే కొత్త బేరింగ్ ఎంత మంచిదైనా నిలవదు.

అరిగిన ముక్కుకు చాలా షెడ్లలో సెంటర్ పంచితో చుట్టూ చుక్కలు కొట్టి లావు చేస్తారు, లేదా రేకు ముక్క చుట్టి తొడుగుతారు. రెండూ చేయనివ్వకు. ఆ చుక్కలు కొద్ది రోజుల్లో అరిగిపోతాయి, రేకు నలిగి బేరింగ్‌లోకి పోతుంది. నిజమైన దారులు రెండే. షాఫ్ట్ మార్చడం ఒకటి. లేదంటే మంచి లేత్ పనివాడి చేత ముక్కును కొద్దిగా తగ్గించి, దాని మీదికి గట్టి ఉక్కు తొడుగు బిగించి, బేరింగ్ కొలతకు తెప్పించడం. సాలూరు లారీల ఊరు, ఇలాంటి పని చేతిమీద తెలిసిన లేత్ వాళ్ళు అక్కడ దొరుకుతారు. అక్కడికి గేర్‌బాక్స్‌ను బస్సులోనో వేరే బండిలోనో పంపు. ముక్కు మరీ పాడైతే మాత్రం గేర్‌బాక్స్ విప్పి షాఫ్ట్ మార్చాల్సిందే, అప్పుడు 25 వేలన్న మెకానిక్ మాటలో కొంత నిజం ఉంటుంది. కానీ అది చూశాక తేలాలి, చూడకముందు కాదు.

దింపాక అదే చేత్తో షాఫ్ట్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడమను, ముందు బేరింగ్ వదులైతే తెలుస్తుంది. క్రాంక్ వెనక సీలు, గేర్‌బాక్స్ ముందు సీలు కారుతున్నాయేమో చూడాలి. రిలీజ్ బేరింగ్ ఏడు నెలల క్రితం వేయలేదని బిల్లులో తేలితే ఇప్పుడే వేయించు. ప్లేటు మందం, ఫ్లైవీల్ ముఖం మీద నీలం మచ్చలు, పగుళ్ళు కూడా చూడమను. ఏడు నెలల ప్లేటు వంగకుండా, నూనె పడకుండా ఉంటే మార్చే అవసరం లేదు, అదే వాడొచ్చు.

ఎక్కించేటప్పుడు ప్లేటును మధ్యకు తేవడానికి పాత క్లచ్ షాఫ్ట్ ముక్క ఒకటి దొరికితే చాలు. ప్లేటుకు ఫ్లైవీల్ వైపు ఏదో చూసి పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. గేర్‌బాక్స్ ముఖం ఇంజన్ ముఖానికి చేత్తో నెడితే ఆనుకోవాలి. ఆనకపోతే గేరులో పెట్టి వెనక ఫ్లాంజీ కొద్దిగా తిప్పితే పళ్ళు కలుస్తాయి. బోల్టులతో లాగి దగ్గరికి తేవడం మొదలుపెట్టారంటే ఆపించు. కొత్త బేరింగులు చచ్చేది ఎక్కువగా అక్కడే. చివర్లో గేర్ ఆయిల్ పోయడం, పెడల్ ఖాళీ సరిచేయడం మరిచిపోవద్దు.

మెకానిక్‌తో గొడవ పెట్టుకోకు. వెళ్ళి, మూడు చోట్ల శబ్దం ఎలా ఉందో, రివర్స్ ఎలా పడుతోందో నువ్వు చూసింది చెప్పు. పైలట్ బేరింగ్, డోవెల్ పిన్నులు, షాఫ్ట్ ముక్కు, ఈ మూడూ నా ఎదురుగా చూడండి అని అడుగు. కూలీ ముందే మాట్లాడుకో. తీసిన సామానంతా నాకే ఇవ్వాలని చెప్పు. ఆయన ఒడియా ఆయనైనా తెలుగాయనైనా ఈ పేర్లు అందరికీ ఒకటే. పని తెలిసిన మనిషి ఇలా అడిగితే కోప్పడరు.

నీ నడకలో కూడా ఒకటి మార్చుకోవాలి. సంతలో లోడు ఎక్కేటప్పుడు, గేటు దగ్గర, ఘాటీలో ఎదుటి లారీకి దారి ఇస్తూ ఆగినప్పుడు ఫస్ట్ గేరు వేసి పెడల్ తొక్కి ఉంచే అలవాటు నీకుందేమో చూసుకో. అంతసేపూ ఆ చిన్న బేరింగ్ తిరుగుతూనే ఉంటుంది, రిలీజ్ బేరింగ్ కూడా నలుగుతుంది. పది సెకన్ల కంటే ఎక్కువ ఆగాలంటే న్యూట్రల్ చేసి కాలు తీసెయ్యి. దిగేటప్పుడు డీజిల్ కలిసొస్తుందని పెడల్ తొక్కి గానీ న్యూట్రల్‌లో గానీ బండిని జారనివ్వకు. బేరింగ్ సంగతి అలా ఉంచు, బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. లోడుతో ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది సుంకి మలుపుల్లో అక్షరాలా పాటించు.

పని పూర్తయ్యాక షెడ్డులోనే, డబ్బు ఇవ్వకముందే, న్యూట్రల్‌లో పెడల్ తొక్కి పది లెక్కపెట్టి రివర్స్ వెయ్యి. చప్పుడు లేకుండా పడాలి. తర్వాత ఖాళీ బండిని సెమిలిగుడ, సునాబెడ మధ్య రెండు రోజులు తిప్పు. రోజూ పొద్దున్న చల్లటి ఇంజన్‌తో ఒకసారి, సాయంత్రం వేడి మీద ఒకసారి అదే పరీక్ష చెయ్యి. రెండు రోజులూ ఒకేలా పడితే అల్లం బస్తాలు ఎక్కించుకుని సాలూరు దిగు. డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయో లేదో మాత్రం నాకు రాయి, దాని కోసం ఎదురుచూస్తుంటాను.